పుట్టుకతో గుణం రాదు: కన్యా రాశి ఫలాలు పంపే అన్నలకు, అక్కలకు



పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చదవండి. చదివినాక తిట్టాలనిపిస్తే తిట్టండి, సగం చదివి మాత్రం తిట్టొద్దు.

నెల ఒకటో తేదీ వచ్చిందంటే మన ఆడపిల్లల ఫోన్లలో ఒకటే మెసేజ్ తిరుగుతుంది. "కన్యా రాశి అమ్మాయిలు ఇలా ఉంటారు." "ఈ నెల కన్యా రాశి అమ్మాయిల ఫలాలు." గులాబీ రంగు బొమ్మ, దాంట్లో తల వంచుకున్న ఒక తెల్లటి పిల్ల. కింద రాత: సిగ్గు ఎక్కువ, శుభ్రత ఎక్కువ, ఎదురు చెప్పరు, ఇంటిని చక్కగా చూసుకుంటారు, నిర్ణయం తీసుకోవడంలో భయపడతారు, మంచి ఇల్లాలు అవుతారు. హాస్టల్‌లో ఒకరి నుంచి ఒకరికి పోతుంది, అక్కడి నుంచి తాండాకు పోతుంది. పంపేది ఎవరో బయటివాళ్ళు కాదు. మన అన్నలు, మన అక్కలు, చదువుకున్న మనమే.

సరదాకే కదా అంటారు. నేను కూడా అట్లే అనుకున్నా, పోయిన ఏడాది వరకు.

మా పిన్ని కూతురిది కదిరి వైపు ఒక తాండా. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయింది. అనంతపురంలో నర్సింగ్ సీటు వచ్చింది. సర్టిఫికెట్లు తీసుకుని ఫలానా తేదీలోపు పోయి చేరాలి. ఆ వారంలోనే నెల ఫలాలు వచ్చినాయి: కన్యా రాశి అమ్మాయిలు ఈ నెల కొత్త పనులు మొదలుపెట్టరాదు, ప్రయాణాలు వాయిదా వేసుకోవాలి, వివాహ యోగం బలంగా ఉంది. మా మామ ఆ ఫోన్ పట్టుకుని ఇంటింటికీ చూపించినాడు. "చూడండమ్మా, దీంట్లోనే రాసిండాది. చదువు వద్దంటాండాది, పెళ్ళి ఉందంటాండాది" అన్నాడు. చేరే తేదీ దాటిపోయింది.

నిజం నిజంలాగే చెప్పుకోవాలి. ఆ మెసేజ్ ఒక్కటే కారణం కాదు. ఆ ఏడు శనక్కాయ పోయింది. పదునుకు విత్తనం వేసినాం, పూత టైంకి వాన మొహం చాటేసింది. చిన్నాయన బెంగుళూరికి సెంట్రింగ్ పనికి బయలుదేరుతున్నాడు. వయసుకొచ్చిన పిల్లను ముసలమ్మ దగ్గర వదిలిపోవాలంటే భయం. ఫీజు భయం, హాస్టల్ భయం, ఊర్లో మాటల భయం. ఈ మెసేజ్ లేకున్నా ఏదో ఒక సాకు దొరికేదేమో. కానీ మామూలు సాకు అయితే వాదించొచ్చు. ఫీజు అంటే స్కాలర్‌షిప్ ఉందని చెప్పొచ్చు. భద్రత అంటే హాస్టల్ చూపించొచ్చు. గ్రహాలు చెప్పినాయి అంటే ఎవరితో వాదిస్తావు? మాట అక్కడితో ఆగిపోయింది.

నాకు అంతకంటే ఎక్కువ బాధ పెట్టింది ఇంకోటి. నేను పోయి "నువ్వెందుకు గట్టిగా అడగలేదు?" అంటే, ఆ పిల్ల చెప్పింది: "అక్కా, నాది కన్యా రాశి. నేను భయస్తురాలిని. బయట నెగ్గలేను."

ఎనిమిదో తరగతిలో మేకను ఎత్తుకుపోతున్న కుక్కల గుంపు మీదికి కట్టె పట్టుకుని ఒక్కతే ఉరికిన పిల్ల అది. రెండేళ్ళు నెల నెలా ఆ మెసేజ్ చదివి, తన గుణం ఏందో దాన్ని చూసి నేర్చుకుంది.

అందుకే ఈ రోజు రాస్తున్నా.

అసలు ఆమెది ఏ రాశి?

ముందు ఈ చిన్న లెక్క చూద్దాం. మా చెల్లెలి ఆధార్‌లో పుట్టిన తేదీ జూన్ 1. అది నిజమైన తేదీ కాదు. మన తాండాల్లో ఇంట్లో పుట్టిన పిల్లలకు బడిలో చేర్చేటప్పుడు సారు వయసు లెక్కగట్టి జూన్ 1 అనో జులై 1 అనో రాస్తాడు. మీలో ఎంతమందికి ఆ తేదీలు ఉన్నాయో చేతులెత్తండి. ఆ తేదీ ప్రకారం ఇంగ్లీషు లెక్కలో ఆమె మిథునం.

పిన్నిని అడిగితే, "శనక్కాయ పూత మీద ఉన్నప్పుడు, కలుపు తీసి వచ్చిన రాత్రి పుట్టింది" అంటుంది. అంటే ఆగస్టు మధ్య నుంచి చివర లోపు. ఇంగ్లీషు రాశుల్లో ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 22 వరకు కన్య. ఒక వారం అటు అయితే సింహం, ఇటు అయితే కన్య.

మన పంచాంగం లెక్క ఇంకోటి. అక్కడ రాశి అంటే పుట్టినప్పుడు చంద్రుడు ఉన్న చోటు. ఉత్తర నక్షత్రం 2, 3, 4 పాదాలు, హస్త నాలుగు పాదాలు, చిత్త 1, 2 పాదాలు కలిస్తే కన్య. చంద్రుడు ఒక్కో రాశిలో రెండుంపావు రోజులే ఉంటాడు. గంట, నిమిషం తెలియకపోతే పాదం తెలియదు. మా పిన్ని గుడిసెలో ఆ రాత్రి గడియారమే లేదు. అప్పుడు ఏం చేస్తారంటే, పేరు మొదటి అక్షరం చూస్తారు. మా చెల్లెలి పేరు "పూ"తో మొదలవుతుంది. "పూ" హస్త మొదటి పాదం, కాబట్టి కన్య. ఆ పేరు పెట్టింది ఎవరు? అంగన్‌వాడీ అక్క. రిజిస్టర్‌లో ఇంటి పేరుతో పిలిచే ముద్దు పేరు రాయకూడదని, తనకు నచ్చిన పేరు రాసింది.

అంటే ఒక సారు రాసిన తేదీకి ఒక రాశి, తల్లి గుర్తుకు ఒక రాశి, అంగన్‌వాడీ అక్కకు నచ్చిన పేరుకు ఇంకో రాశి. వీటిలో ఏ రాశి ఆమెను భయస్తురాలిని చేసింది?

ఇంకో మాట. ఇంగ్లీషు రాశుల తేదీలు రెండు వేల ఏళ్ళ కిందటి ఆకాశానికి సరిపోయేవి. భూమి తిరిగే ఇరుసు బొంగరం తల ఊగినట్టు నిదానంగా ఊగుతుంది, సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతుంది. ఇప్పుడు ఆగస్టు 31న సూర్యుడు ఉన్నది సింహం నక్షత్రాల ముందర. మన పంచాంగం ఈ జరుగుడును లెక్కలోకి తీసుకుంటుంది, కాబట్టి దాని ప్రకారం సూర్యుడు కన్యలోకి వచ్చేది సెప్టెంబరు 17 దగ్గర. రెండు లెక్కలకూ 24 రోజుల దాకా తేడా. ఫోన్లో వచ్చే మెసేజ్ ఈ రెండిటినీ కలిపి కలగూరగంప చేస్తుంది. తేదీలు ఇంగ్లీషువి, పేర్లు పంచాంగానివి, గుణాలు ఎక్కడివో దేవుడికే తెలియాలి.

ప్రపంచంలో 800 కోట్ల మంది ఉన్నారు. 12తో భాగిస్తే ఒక్కో రాశికి 66 కోట్లకు పైనే. సగం ఆడవాళ్ళు అనుకుంటే కన్యా రాశి ఆడవాళ్ళు 33 కోట్లు. ఇంతమందికీ ఈ నెల కొత్త పని వద్దట. కానీ సీటు పోయింది మా చెల్లెలిది.

"కానీ నాకు సరిగ్గా సరిపోయింది అక్కా!"

ఇది ప్రతి ఒక్కరూ చెప్పేది. 1948లో అమెరికాలో ఫోరర్ అనే సైకాలజీ సారు తన క్లాసులో 39 మందికి ఒక పరీక్ష పెట్టినాడు. వారం తర్వాత "ఇది నీ స్వభావం" అని ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చినాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తర్వాత చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. దాంట్లోని వాక్యాలు ఎక్కువగా బజార్లో అమ్మే జాతకం పుస్తకం నుంచి ఏరినవి.

నేను మా హాస్టల్ గదిలో ఇదే చేసి చూసినా. ఆరుగురం ఉంటాం. సింహ రాశి రాత తీసుకుని, పేరు మార్చి, ఎవరి రాశి పేరు చెప్పి వాళ్ళకు చదివినా. ఆరుగురిలో ఐదుగురు "కరెక్టుగా నా గురించే" అన్నారు. ఆరో అమ్మాయి "కొంచెం తేడా ఉంది, కానీ కోపం సంగతి మాత్రం నిజం" అంది. "మీరు బయటికి ధైర్యంగా కనపడినా లోపల బాధపడతారు" అంటే ఎవరికి సరిపోదు చెప్పండి?

మన దేశంలో కూడా పరీక్షించినారు. పుణెలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, ఆయన తోటివాళ్ళు బాగా చదివే పిల్లల జాతకాలు 100, బుద్ధి మాంద్యం ఉన్న పిల్లల జాతకాలు 100 తీసుకున్నారు. జ్యోతిష్కులకు తలా 40 జాతకాలు ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపినారు. సగటున సరైనవి 46 శాతం. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది. ఇది 2009లో అచ్చయింది.

మనకు ఇది కొత్త కాదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

"ఫలానా వేళలో పుట్టినావు కాబట్టి నీ గుణం ఇది." ఈ మాట మనం ఇంతకుముందు ఎక్కడ విన్నాం? 1871లో బ్రిటిష్‌వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చినారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చినారు. అనంతపురం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఆ చట్టం చెప్పింది ఏంది? కొన్ని కులాల్లో పుట్టినవాళ్ళు పుట్టుకతోనే దొంగలు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడని. ఎరుకల వాళ్ళను ఆ జాబితాలో రాసినారు. పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. మన సుగాలీలను కూడా ఆ అనుమానపు చూపు వదల్లేదు. ఏ ఊర్లో కోడి పోయినా ముందు తాండా వైపే చూసేవాళ్ళు. ఇప్పటికీ చూసేవాళ్ళు ఉన్నారు.

మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతా పోయింది 1952 ఆగస్టు 31న. ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటున్నాం. ఆగస్టు 31 అంటే ఇంగ్లీషు లెక్కలో కన్యా రాశే! కన్యా రాశికి భయం ఎక్కువ అని ఆ రోజు ఎవరూ అనుకోలేదు మరి.

పుట్టుకను చూసి గుణం చెప్పే పద్ధతి ఎంత అన్యాయమో ఈ దేశంలో మనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మన తాతలను పుట్టుకతో దొంగలు అన్నప్పుడు అది తప్పు. మన చెల్లెళ్ళను పుట్టుకతో భయస్తులు అంటే అది సరదానా? మొదటిది పోలీసు రిజిస్టర్‌లో రాసినారు, రెండోది గులాబీ రంగు బొమ్మలో రాసినారు. కొంచెం ఆలోచించండి.

ఆడపిల్లలకు మాత్రం వేరే ఫలాలు ఎందుకు?

ఒకే రాశి, ఒకే నెల. అబ్బాయిలకు రాసింది తీసి పక్కన పెట్టి చూడండి. నేను నాలుగు నెలలు చూసినా. అబ్బాయిలకు ఉద్యోగం, పోటీ పరీక్షలు, వ్యాపారం, భూమి కొనుగోలు, వాహన యోగం. అమ్మాయిలకు వివాహ యోగం, అత్తగారితో జాగ్రత్త, చర్మ సౌందర్యం, భర్త ఆదరణ, నోరు అదుపులో పెట్టుకోవాలి. గ్రహాలు ఒకటే అయితే ఆడవాళ్ళకు ఒక మాట, మగవాళ్ళకు ఒక మాట ఎట్లా చెప్తాయి? చెప్పేది గ్రహాలు కాదని దాంతోనే తెలుస్తుంది. మన ఇండ్లల్లో ముందునుంచి ఉన్న మాటకే చుక్కల ముసుగు వేసినారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు దేశంలో 23.3 శాతం, మన ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. దేశం కంటే మనమే అధ్వాన్నం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ కరువు సీమలో, పంట పోయిన ఏడు వలస పోయే ముందు పిల్ల పెళ్ళి చేసేయడం మామూలైపోయింది. అట్లాంటి ఇంట్లోకి "వివాహ యోగం బలంగా ఉంది" అని మనం మెసేజ్ పంపుతున్నాం.

ఇంకో వాక్యం ఉంటుంది: "కొత్త వ్యక్తి పరిచయం అవుతారు, దూర ప్రయాణం లాభిస్తుంది." కదిరి చుట్టుపక్కల తాండాల్లో కొత్త మనిషి వచ్చి, దూరంలో పని ఇప్పిస్తానంటే దాని అర్థం ఏందో మనకు తెలుసు. ముంబయి, పుణె, ఢిల్లీకి అట్లా పోయి చిక్కుకుపోయిన అక్కల కథలు పేపర్లలో చదివినాం, కొన్ని పేపర్లలో రాకుండానే విన్నాం. ఆ వాక్యం రాసినవాడికి మన ఊర్లు తెలియవు. పంపే మనకు తెలుసు కదా!

మన పెద్దలు కూడా చుక్కలు చూసినారు కదా?

చూసినారు. దాన్ని నేను కాదనను. కార్తెలు చూసే మనం సేద్యం చేస్తాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని, మృగశిరకు గొర్రు సిద్ధం చేసుకోవాలని మా తాతకు ఏ పుస్తకం చెప్పలేదు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు, ఆ రోజుల్లో గాలి ఎట్లుంటుంది, వాన ఎట్లుంటుంది అని తరాల పాటు చూసి పెట్టుకున్న లెక్క అది. క్యాలెండర్ అన్నమాట. సూర్యుడు కన్యలో ఉండే రోజులంటే ఉత్తర, హస్త, చిత్త కార్తెలు. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. మన జిల్లాకు వాన ఎక్కువ పడేది ఆ ప్రాంతంలోనే. జులైలో వేసిన శనక్కాయలో గింజ ఊరేది అప్పుడే. అప్పుడు వాన ఎగ్గొడితే లొట్ట కాయలే. కన్యా రాశి గురించి మన చేనుకు తెలిసిన నిజం ఇది.

కార్తె లెక్క తప్పితే మా తాత "ఈ ఏడు తప్పింది" అంటాడు. రాశి ఫలం తప్పితే "నీ నమ్మకం చాలలేదు" అంటారు. కార్తె చేను గురించి చెప్తుంది, నువ్వు సిగ్గరివా కాదా అని చెప్పదు.

ఎరుకల అక్కలు ఇక్కడ నన్ను నిలదీయొచ్చు. "సోది చెప్పి బతికిన వాళ్ళం మేము. ఎరుక అనే మాట మా పేరులోనే ఉంది. మమ్మల్నీ తప్పంటావా?" అని. న్యాయమైన ప్రశ్నే. తిరుపతి కథలో పద్మావతికి ఎరుక చెప్పడానికి శ్రీనివాసుడంతటివాడే ఎరుకలసాని వేషం వేసుకున్నాడని చెప్పుకుంటారు. ఎండలో బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న ఆడమనిషి మొహం చూసి, చెయ్యి పట్టుకుని మాట్లాడిన అవ్వలు వాళ్ళు. ఎవరికీ చెప్పుకోలేని దిగులు ఆ కోడలు ఆ అవ్వకు చెప్పుకునేది. భవిష్యత్తు తెలుసని నేను నమ్మను, కానీ మనిషిని చూడటం తెలుసు. ఈ మెసేజ్ మనిషిని చూడదు. 33 కోట్ల మందికి ఒకటే మాట. పైగా ఆ అవ్వను మోసగత్తె అన్నవాళ్ళే ఈ మెసేజ్‌ను శాస్త్రం అంటున్నారు.

ఇంతకీ ఆ కన్య ఎవరు?

కథలు కావాలంటే కథలు చెప్పుకుందాం, నాకూ ఇష్టమే. కానీ మొత్తం చెప్పుకుందాం.

ఈ 12 రాశులు బాబిలోన్ వాళ్ళ దగ్గర రెండున్నర వేల ఏళ్ళ కిందట పుట్టినాయి. ఈ నక్షత్రాల గుంపును వాళ్ళు పిలిచిన పేరుకు అర్థం నాగటి చాలు. పక్కన కంకి పట్టుకున్న దేవత. గ్రీకుల దగ్గరికి వచ్చేసరికి ఆమె కన్య అయింది. వాళ్ళ కథల్లో కొందరు ఆమెను న్యాయ దేవత అన్నారు. మనుషుల అన్యాయం చూడలేక భూమిని వదిలి ఆకాశానికి పోయిందట. ఇంకొందరు ధాన్యం దేవత కూతురు అన్నారు. ఆ పిల్లను పాతాళ రాజు ఎత్తుకుపోతే, తల్లి దుఃఖంతో భూమి మీద ఒక్క గింజ మొలవనీయలేదు. కూతురిని పంపినాకే మళ్ళీ పంట. కూతురిని ఎత్తుకుపోతే కరువు వస్తుందని చెప్పే కథ అది. మన సీమలో కరువు వస్తే కూతురిని పంపించేస్తున్నాం.

గ్రీకుల నుంచి ఈ రాశులు మన దేశానికి వచ్చినాయి. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో బృహజ్జాతకంలో కన్యకు "పాథోన" అనే పేరు కూడా చెప్పినాడు. అది పార్థెనోస్ అనే గ్రీకు మాట. ఆయన చెప్పిన కన్య పడవలో ఉంటుంది, చేతిలో పైరు, నిప్పు. తల వంచుకుని లేదు. ఆ రాశిలో అన్నిటికంటే మెరిసే చుక్క మన చిత్త. దాని ఇంగ్లీషు పేరు స్పైకా, అంటే కంకి.

మే నెల రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు చూడండి. సప్తర్షుల తోక వంపు పట్టుకుని పోతే ఎర్రగా స్వాతి, అదే వంపున ఇంకా కిందికి పోతే తెల్లగా చిత్త. అది సుమారు 250 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ రాత్రి మన కంట్లో పడే వెలుగు అక్కడి నుంచి బయలుదేరింది సేవాలాల్ మహరాజ్ బతికి ఉన్న కాలంలో. ఆయన 1739లో మన గుత్తి దగ్గర గొల్లలదొడ్డిలో పుట్టినాడని కదా మనం ఏటా ఫిబ్రవరి 15న అక్కడికి పోతాం. అంత దూరంలో ఉన్న వెలుగుకు మా చెల్లెలి నర్సింగ్ సీటుతో ఏం పగ?

కంకి పట్టుకున్న కన్య కావాలంటే మన తాండాలోనే ఉంది. శ్రావణంలో తీజ్‌కు పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు వేసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. మంచి మొగుడు రావాలని చేస్తారని పెద్దలు అంటారు, అది కూడా దాచను. కానీ ఆ తొమ్మిది రోజులు పాట ఎవరు ఎత్తాలి, నీళ్ళకు ఎవరు పోవాలి, ఎవరి మొలక ఏపుగా వచ్చింది అన్నీ ఆడపిల్లలే తేల్చుకుంటారు. తాండా అంతా వాళ్ళ వెనక నడుస్తుంది. నీళ్ళు కరువైన సీమలో కడవ మోసుకొచ్చి మొలకలను బతికించే పిల్లకు నిర్ణయం తీసుకోవడం రాదంటారా?

ఇప్పుడు ఏం చేద్దాం

రాజ్యాంగంలో 51ఎ (హెచ్) అని ఉంది. శాస్త్రీయ దృష్టి పెంచుకోవడం ప్రతి పౌరుడి బాధ్యత అని 1976లో చేర్చినారు. మన కదిరి పక్కన కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన అంతకు వందల ఏళ్ళ ముందే ముహూర్తాలు పెట్టేవాళ్ళను నిలదీసినాడు. కాబట్టి ఇది ఎక్కడినుంచో తెచ్చిన వాదం కాదు, మన నేలదే.

నెల నెలా ఏదో ఒకటి పంపాలని చేతులు ఊరుకోకపోతే, ఇవి పంపండి. అన్ని రాశుల అమ్మాయిలకూ పనికొస్తాయి.

జూన్: విద్యా స్థానం బలంగా ఉంది. హాస్టల్ దరఖాస్తు, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం ముందే తీసుకోండి. ఆఖరి రోజు సర్వర్ పనిచేయదు.

ఆగస్టు: తీజ్ ఆడండి. 31న విముక్త దినం గురించి చిన్న పిల్లలకు చెప్పండి. పుట్టిన తేదీ, పేరు సర్టిఫికెట్లలో ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

సెప్టెంబరు, అక్టోబరు: ఉత్తర, హస్త, చిత్త. వాన పడితే అందరికీ శుభం. పడకపోతే ఏ ఇంట్లో వలస మాట నడుస్తుందో కనిపెట్టి, ఆ ఇంటి పిల్లకు హాస్టల్ దారి చూపండి.

నవంబరు, డిసెంబరు: ప్రయాణ యోగం, అంటే వలస. కొత్త వ్యక్తి పరిచయమైతే పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఫోటో ముందు మీ దగ్గర పెట్టుకోండి.

ఫిబ్రవరి నుంచి మే: పరీక్షలు, పెళ్ళిళ్ళు ఒకేసారి వచ్చే గండం. 18 నిండని పిల్లకు పెళ్ళి మాట వినపడితే 1098కి ఫోన్ చేయండి. 2006 చట్టం ప్రకారం అది నేరం. ఫలితాలు వచ్చినాక చేరే తేదీని తండ్రికి, మామకు, నాయక్‌కు ముందే చెప్పి పెట్టండి.

"ధైర్యం కోసం చదువుతాం అక్కా, మంచి ఫలం ఉంటే ఆ నెలంతా బాగుంటుంది" అని ఒక చెల్లెలు చెప్పింది. ఆ మాట నేను కొట్టిపారేయను. మనకు ధైర్యం చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టే ఫోన్ వైపు చూస్తున్నాం. ఆ లోటు మనది, పెద్దవాళ్ళది. ఒక అక్క వారానికి ఒకసారి ఫోన్ చేసి "ఎట్లున్నావు, ఏం చదువుతున్నావు" అని అడిగితే ఆ పిల్లకు ఏ రాశి అవసరం ఉంటుంది?

మా చెల్లెలికి ఒక ఏడు పోయింది. ఆ ఏడు చిత్రావతి పక్క తోటల్లో కూలికి పోయింది. సంబంధాలు రెండు వచ్చినాయి, ఎట్లో తప్పించినాం. ఈసారి మళ్ళీ దరఖాస్తు పెట్టినాం. చేరే తేదీ వస్తే నేనే పోయి తీసుకుపోతా. ఆమె చెల్లెలు ఇప్పుడు పదో తరగతి. నిన్న ఫోన్ చేసి, "అక్కా, మా ఫ్రెండ్ చెప్పింది, నాది వృశ్చికం అంట, అంటే నేను మొండిదాన్నంట, నిజమేనా?" అని అడిగింది.

మొండిదానివైతే మంచిదే, కానీ అది నువ్వు తేల్చుకోవాల్సిన సంగతి, తేలు చెప్పేది కాదు అన్నాను.

మీరు కూడా మీ చెల్లెళ్ళకు ఆ మాటే చెప్పండి. ఒకటో తేదీన ఆ గులాబీ బొమ్మ వస్తే, మీ దగ్గరే ఆపండి.